నష్టం లెక్కలో మన చరిత్రకు గడి లేదు

గోదావరి వరద తీసిన వారం పది రోజులకు ఊళ్ళోకి సర్వే చేసేవాళ్ళు వస్తారు. చేతిలో ఒక ఫారం ఉంటుంది. ఇల్లు మొత్తం కూలిందా, సగం కూలిందా? ఎద్దులు ఎన్ని పోయాయి, మేకలు ఎన్ని పోయాయి? వరి ఎన్ని ఎకరాలు, పత్తి ఎన్ని ఎకరాలు? బట్టలు, గిన్నెలు పోయాయా? ఇవన్నీ రాసుకోవాల్సిందే. రాసుకున్నదానికి పరిహారం రావాల్సిందే. అందులో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ ఫారంలో లేని వాటి గురించి.

వేల్పు ఇంట్లో ఉన్న పడిగె నాని రంగులు కారిపోతే ఎక్కడ రాయాలి? డోలు కర్ర చీలిపోతే ఎక్కడ రాయాలి? మంచం కింది రేకు పెట్టెలో ఉన్న పాత పట్టా, శిస్తు రసీదులు, తాతల ఫోటో ముద్దయిపోతే? చనిపోయిన పెద్దల పేరున నిలబెట్టిన రాళ్ళ మీద మనిషెత్తు ఒండ్రు పేరుకుంటే? వాటికి గడి లేదు. గడి లేదు కాబట్టి నష్టం జరగలేదు. నష్టం జరగలేదు కాబట్టి అవి అసలు ఎప్పుడూ లేవన్నట్టే.

ఫారం అచ్చు వేసేటప్పుడు ఎవరో మరిచిపోయారని సరిపెట్టుకుందామంటే కుదరదు. ఆదివాసీకి ప్రాణం, పశువు, పంట తప్ప పోగొట్టుకోవడానికి ఇంకేమీ ఉండదన్న నమ్మకం ఆ ఫారం వెనుక ఉంది. నా గొడవ ఆ నమ్మకంతో.

ఏమేం మునుగుతాయి?

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ తర్వాత ఇంకో పద్దెనిమిది అడుగులు నీళ్ళు పెరిగాయంటే ఆ వరద ఎంతటిదో ఊహించుకోండి. శబరి నీళ్ళు గోదావరిలోకి పోలేక వెనక్కి తన్నాయి. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. జనం గుట్టలెక్కారు.

ఆ ఊళ్ళలో ఏముంటాయి? మొదటిది పడిగె. త్రికోణపు గుడ్డ మీద ఆ వేల్పు వాళ్ళ మూలపురుషులు, జంతువులు, గుర్తులు ఉంటాయి. కొలుపు నాడు దాన్ని బయటికి తీస్తారు. డోలీలు డోలు మీద కథ చెబుతారు. మనది ఎన్నో గట్టు, ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరు మనకు అన్నదమ్ములు, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చు, ఎవరింటి పిల్లను చేసుకోకూడదు అన్నదంతా ఆ గుడ్డా ఆ గొంతూ కలిస్తేనే తెలుస్తుంది. గుడ్డ ఒక్కటే మిగిలితే అది ఎవరికీ అర్థం కాని బొమ్మ. కథ ఒక్కటే మిగిలితే దానికి సాక్ష్యం ఉండదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఇలాగే కంచుమేళంతో మన వీరుల కథలు చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన చెప్పగా రికార్డు చేసుకున్నవి మిగిలాయి. మిగతావి ఆయనతోనే పోయాయి. పద్మశ్రీ వచ్చిన మనిషి సంగతే ఇది. పేరు బయటికి రాని డోలీ తాతలు ఊరూరా ఉన్నారు. వరదకు గుట్ట మీద నానుతూ జ్వరం తెచ్చుకునేది కూడా వాళ్ళే.

రెండోది రాళ్ళు, చోట్లు. జానంపేట, దామరవాయి దగ్గరి రాక్షసగుళ్ళ గురించి పురావస్తు శాఖకు తెలుసు. వేలేరుపాడు మండలం రుద్రమకోట దగ్గర పాత సమాధులు పోలవరం ముంపులో పోతాయని తవ్వి చూశారు. మంచిదే. రెండు వేల ఏళ్ళ కిందటి సమాధికి తవ్వకం దొరికింది. మరి రెండు తరాల కిందట మనవాళ్ళు నిలబెట్టిన రాయిని ఫోటో తీసుకున్నవాళ్ళైనా ఉన్నారా? అది ఎవరి జాబితాలో ఉంది?

మూడోది కాగితం. మనకు రాత లేదని అనేవాళ్ళు మన ఇళ్ళలోని రేకు పెట్టెలు తెరిచి చూడాలి. శిస్తు రసీదులు, పాత పట్టాలు, కోర్టు నోటీసులు, తునికాకు కార్డులు, గ్రామసభ తీర్మానాల నకళ్ళు ఉంటాయి. ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. అందులో పిల్లవాడి తెగ, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఒక తండా గురించి, ఒక గూడెం గురించి యాభై అరవై ఏళ్ళ పాటు ఏడాదికేడాది రాసిన పుస్తకం అదొక్కటే. వరద వస్తే అదే బడి పునరావాస కేంద్రం అవుతుంది. రిజిస్టర్లు బీరువా కింది అరలో ఉంటాయి. నీళ్ళు ముందు చేరేది ఆ అరలోకే.

కాగితం పోతే హక్కు పోతుంది

ఇదంతా సంస్కృతి గొడవ, పొట్ట నిండినవాళ్ళ గొడవ అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళకోసం చట్టంలో ఉన్న మాట చెబుతాను. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నియమాలు వచ్చాయి. ఏయే ఆధారాలు చూపవచ్చో 13వ నియమం చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, రసీదులు అందులో ఉన్నాయి. వాటితో పాటు పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. పాత భూమి రికార్డులో పేరున్న మనిషి దాకా చూపే వంశవృక్షం ఉంది. హక్కు అడిగే మనిషి కాకుండా ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఉంది.

మళ్ళీ ఒకసారి చదవండి. పెద్దలను పాతిపెట్టిన చోటు ఆధారం. వేల్పు చెట్టు ఆధారం. డోలీ చెప్పే వంశం ఆధారం. ముసలమ్మ నోటి మాట ఆధారం. ఫారంలో గడి లేని వాటన్నిటికీ చట్టంలో చోటుంది. అవి మునిగిపోయిన రోజున మన పోడు భూమి మీద మన మాటకు బలం తగ్గిపోతుంది. 1/70 చట్టం కింద భూమి తగాదా వస్తే గిరిజనేతరుడి దగ్గర కాగితాల కట్ట ఉంటుంది. మన దగ్గర ఉన్న రెండు కాగితాలనూ గోదావరి తీసుకుపోతుంది.

వరద తర్వాత ఒక ఆఫీసులో మా చుట్టాల తాతకు తోడుగా వెళ్ళాను. "పట్టా కాగితం ఏది?" అన్నారు. "గోదారి తీసుకుపోయింది సారూ" అన్నాడు తాత. "అయితే గోదారినే అడిగి తెచ్చుకో" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ కాగితం అసలు ప్రతి ఉండాల్సింది ఆ ఆఫీసులోనే కదా అని అక్కడ ఎవరికీ అనిపించలేదు.

ఆఫీసు ప్రతి ఎక్కడుందో కనుక్కోవడం కూడా తేలిక కాదు. కూనవరం, చింతూరు వైపు ఊళ్ళ సంగతి చూడండి. 1959 దాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, జిల్లా కేంద్రం కాకినాడ. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చి మళ్ళీ కాకినాడ వైపు పంపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా చేసి పాడేరు పంపారు. ఊరు కదల్లేదు. ఊరి ఫైలు మాత్రం ఊళ్ళు పట్టుకుని తిరిగింది. ప్రతి తరలింపులోనూ కొన్ని కట్టలు దారి తప్పుతాయి. నీళ్ళు రాకుండానే కాగితాలు పోవడమంటే ఇదే.

రాళ్ళు మోయడం వాళ్ళకు తెలుసు

ముంపులో చరిత్రను కాపాడటం ఈ దేశానికి చేతకాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వారు. కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీద మళ్ళీ కట్టారు, మ్యూజియం పెట్టారు. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. ఒక్కో రాయికి నంబరు వేసి, బండ్ల మీద మోసి, అదే వరసలో పేర్చారు.

అది తప్పని నేననను. బౌద్ధుల స్తూపం, చాళుక్యుల గుడి నిలబడాల్సిందే. నా ప్రశ్న వేరు. పోలవరం కింద 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సి ఉంది. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో అందరికీ తెలుసు. ఇన్ని ఊళ్ళలో ఎన్ని వేల్పు చోట్లు ఉన్నాయో, ఎన్ని సమాధి రాళ్ళు ఉన్నాయో, ఏ గుట్టకు ఏ కథ ఉందో ముందుగా రాసుకుని, నంబరు వేసి, ఊరితో పాటు కదిపే పని ఎవరికి అప్పగించారు? రాజు కట్టించిన రాయికి నంబరు ఉంది. మన తాత నిలబెట్టిన రాయికి ఎందుకు లేదు?

చట్టం లేక కాదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస గ్రామంలో ఏమేం ఉండాలో రాసి ఉంది. ఆయా జనాల ఆచారాన్ని బట్టి శ్మశానం ఉండాలి. పూజా స్థలాలు, జనం కూర్చునే చెట్టు అరుగు ఉండాలి. సంప్రదాయ గిరిజన వ్యవస్థలకు వేరుగా స్థలం కేటాయించాలి. ఇంత రాసి ఉన్నా కాలనీలో వరసగా ఒకే కొలత ఇళ్ళు కట్టి, తాళాలు చేతికిచ్చి, పునరావాసం అయిపోయిందంటే సరిపోతుందా? భూమి పండుగ ఎక్కడ చేయాలి? ముత్యాలమ్మను ఏ చెట్టు కింద పెట్టాలి? చనిపోయినవాళ్ళను ఏ దిక్కున పెట్టాలి? తాళం తీసుకునే ముందు ఈ మూడు ప్రశ్నలు అడిగి తీరాలి.

"మాకిచ్చేయండి, మేం దాస్తాం"

ఇంకో రకం మంచివాళ్ళు వస్తారు. "మీ దగ్గర ఉంటే నాని పోతుంది, కాలి పోతుంది, చెదలు తింటాయి. మ్యూజియానికి ఇచ్చేయండి" అంటారు. ఇందులో సగం నిజం ఉంది. తాటాకు ఇల్లు ఎండాకాలం ఒక్క నిప్పురవ్వకు పోతుంది. అయితే మిగతా సగం కూడా చూద్దాం.

1940లలో హైమెండార్ఫ్ దొర పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అనే పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫోటోలు, రాసుకున్న నోట్సులు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన దాచకపోతే ఆ మాత్రమూ మిగిలేది కాదు, నిజమే. కానీ ఈ రోజు కాలనీలో పుట్టిన కొండరెడ్డి పిల్ల తన ముత్తాతల ముఖం చూడాలంటే లండన్ వైపు చూడాలి. ఎనభై ఏళ్ళు దాటినా ఆ పిల్ల చదివే బడి గోడ మీదికి ఒక్క కాపీ రాలేదు. కొండరెడ్ల ముఖాలు భద్రంగా ఉన్నాయి, కొండరెడ్లకు మాత్రం అందవు.

పెద్ద భవనం అంటే భద్రం అనుకోవడం కూడా తప్పు. 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్‌లో రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియం కాలిపోయింది. అక్కడి ఆదివాసుల భాషల రికార్డింగులు, మాట్లాడేవాళ్ళు ఒక్కరూ మిగలని భాషలవి కూడా, అందులో ఉన్నాయి. అన్నీ ఒకే చోట పెడితే ఒక్క రాత్రి చాలు.

దీనికి ఎదురుగా ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలను పెట్టి చూడండి. గోండి భాషకు సొంత లిపిలో రాసిన పాత చేతిరాత పుస్తకాలు ఆ ఊళ్ళోనే ఇళ్ళలో నిలిచాయి. చదవగలిగిన పెద్దలు కూడా ఆ ఊళ్ళోనే నిలిచారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్ళు పుస్తకాన్ని, పెద్దలను కలిపి కూర్చోబెట్టారు. వాచకం వచ్చింది, పిల్లలకు పాఠం అయింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అసలు ఊరు దాచింది, కాపీ లోకానికి పోయింది. మనకు కావాల్సిన దారి ఇది. అసలు ప్రతి ఊరిది, కాపీలు అందరివి.

"ముందు ప్రాణం కదా సార్"

అవును, ముందు ప్రాణమే. పడవలో ముసలమ్మ ఎక్కాలా పెట్టె ఎక్కాలా అని ఎవరైనా అడిగితే ముసలమ్మే ఎక్కాలి. కానీ ఆ ప్రశ్న అంతదాకా ఎందుకు రావాలి? గోదావరి వరద భూకంపం కాదు. ఎగువన నీళ్ళు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ లెక్క మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ లెక్కతోనే పెట్టె కూడా కదలాలి. మొదటి హెచ్చరికకు పెట్టె సర్దాలి. రెండో హెచ్చరిక రాకముందే గుట్ట ఎక్కించాలి. మూడో హెచ్చరిక నాటికి కదలాల్సింది మనుషులే అయి ఉండాలి. మీ ఊరు పల్లంలో ఉంటే ఇంకా ముందే కదలండి. మీ వాగు ఎప్పుడు పొంగుతుందో భద్రాచలం కంటే మీకే బాగా తెలుసు.

మన చేతిలో ఉన్న పని

1996 పెసా చట్టం 4(డి) ప్రకారం తన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. ఆ అధికారాన్ని ఎవరూ వచ్చి మన చేతిలో పెట్టరు. తీర్మానం రాస్తేనే అది అధికారం.

కాబట్టి ప్రతి గ్రామసభ ఒక పుస్తకం పెట్టాలి. అందులో నాలుగు వరసలు చాలు: ఏమిటి, ఎవరి దగ్గర, ఎక్కడ, వరద వస్తే ఎవరు కదుపుతారు. పడిగె, డోలు, కొమ్ములు, పాత కాగితాలు, ఫోటోలు, సమాధి రాళ్ళు, వేల్పు చెట్లు, కథ తెలిసిన పెద్దలు అందరూ అందులో ఉండాలి. కొన్ని వస్తువులను బయటివాళ్ళు చూడకూడదు, ఫోటో తీయకూడదు. అది పూజారి, పెద్దలు చెప్పాల్సిన మాట. వాళ్ళు వద్దంటే ఫోటో వద్దు. ఎక్కడుంది, ఎప్పుడు కదపాలి అన్నది రాస్తే చాలు.

కాగితాలకు మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో పై అరలో, ఒకటి వరద అందని చుట్టాల ఊళ్ళో. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి ఊరుకుంటే కాపీ కాదు. ఫోన్ కూడా నీళ్ళలోనే పడుతుంది. మూత గట్టిగా పట్టే నీలం డ్రమ్ము ఒకటి ఊరికి కొనుక్కుంటే పొయ్యి మీది అటక కంటే వరదకు అదే నయం. అటక మీద పొగ తగిలితే పురుగు పట్టదని మనవాళ్ళకు తెలుసు. ఆ తెలివిని వదలొద్దు. వానాకాలం మాత్రం డ్రమ్ము వాడండి.

తడిసిపోతే పారేయొద్దు. కాగితాలను ఎండలో పెట్టకుండా, నీడలో గాలి ఆడే చోట, మధ్య మధ్య నూలు గుడ్డ పెట్టి ఆరబెట్టాలి. అతుక్కున్న ఫోటోలను లాగొద్దు. మంచి నీళ్ళలో ఉంచితే మెల్లగా విడతాయి. పడిగెను పిండొద్దు, మడవొద్దు, పరిచి ఆరనివ్వాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. పరిహారం క్యూలో నిలబడిన ఆ రెండు రోజులే ఇంటి దగ్గర ఒకరు ఈ పని చూడాలి.

తోటి టీచర్లకు ఒక మాట. ఎండాకాలం సెలవుల ముందే అడ్మిషన్ రిజిస్టర్లు పై అరకు ఎక్కించండి, ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టండి. పిల్లలకు ప్రాజెక్టు పని ఇవ్వాలంటే ఇంట్లో తాతను, అవ్వను కూర్చోబెట్టి ఊరి కథ కోయలో చెప్పించుకుని తెలుగు లిపిలో రాయమనండి. చెప్పినవాళ్ళ పేరు, తేదీ కింద రాయించండి. ఆ నోట్‌బుక్కులను మార్కులు వేశాక తుక్కులో వేయొద్దు.

ప్రభుత్వం చేయాల్సింది

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో వారసత్వ స్థలాలకు ఒక మార్గదర్శకం, మ్యూజియాలకు ఒక మార్గదర్శకం ఇచ్చింది. జాబితా ఉండాలి, ప్రమాదం అంచనా వేయాలి, ముందే సిద్ధంగా ఉండాలి అని చెప్పింది. బాగుంది. టికెట్టు కొని చూసే చోట్లకు ఇంత ఆలోచన చేసినవాళ్ళు గూడెంలోని వేల్పు ఇంటిని కూడా వారసత్వమే అనుకోవాలి.

మనం అడగాల్సినవి ఇవి. వరద నష్టం ఫారంలో ఊరి సాంస్కృతిక వస్తువులు, పాత పత్రాలు అనే గడి పెట్టాలి. గ్రామసభ పుస్తకాన్ని జిల్లా విపత్తు ప్రణాళికలో చేర్చాలి. పునరావాస కేంద్రంగా వాడే ప్రతి బడికి రిజిస్టర్లు దాచే ఎత్తైన అర, తడవని పెట్టె ఇవ్వాలి. వరదలో పోయిన పట్టాలకు, ధ్రువపత్రాలకు ఆఫీసులే తమ రికార్డు వెతికి ఊళ్ళోకి వచ్చి నకళ్ళు ఇవ్వాలి. ముంపు ఊరిని ఖాళీ చేయించే ముందు ఆ ఊరి చోట్ల జాబితా గ్రామసభ సంతకంతో పూర్తి కావాలి. బయటి దేశాల్లో, పట్నాల్లో ఉన్న మన ఫోటోల, రికార్డింగుల కాపీలు ఐటీడీఏ ద్వారా మన బళ్ళకు తెప్పించాలి.

ఇవేవీ కోట్ల పనులు కావు. పద్ధతిగా చేస్తే చాలు. వచ్చే జూన్‌లో తొలకరికి ముందు మీ ఊరి గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి. సంతకాలు చేయించండి, వేలిముద్రలు వేయించండి. ఒక నకలు తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదుకు కూడా మూడు కాపీలు తీయండి.